ఎండ ఉన్న ఊళ్ళో ఎండ కరువు

మా షోలాపూర్‌లో ఎండకు లోటు లేదు. మే నెలలో రోడ్డు మీది డాంబరు చెప్పులకు అంటుకుంటుంది. అలాంటి ఊళ్ళో ఉండే మా అమ్మ రక్తపరీక్ష కాగితంలో డి విటమిన్ చాలా తక్కువ అని వచ్చింది. ఆరు నెలలుగా నడుము నొప్పి, తొడల నొప్పి అంటోంది. మెట్లెక్కాలంటే గోడ పట్టుకునేది. డాక్టర్ పొడి ప్యాకెట్లు రాసిచ్చి, "రోజూ కాసేపు ఎండలో కూర్చోండమ్మా" అన్నారు. అమ్మ ఇంటికొచ్చి నవ్వింది.

"ఎండల కూసుంటె ఆకు ఎండుతది. ఎండిన ఆకు చుట్టంగనే పలుగుతది. ఇగ బీడీలెట్ల చేసుడు?"

అది నిజమే. మా గల్లీలో మగవాళ్ళు పవర్‌లూమ్ మీద చద్దర్లు, టవల్స్ నేస్తారు. ఆడవాళ్ళు చాలామంది బీడీలు చుడతారు. తునికాకు తడిపి, గుడ్డలో చుట్టి, మెత్తబడ్డాక కత్తెరతో కోసి, చాట ఒళ్ళో పెట్టుకొని చుట్టాలి. అంతా నీడలోనే. చరిత్ర వ్యాసం రాయమన్నప్పుడు నేను శివాజీ కోటల గురించి రాద్దామనుకున్నాను. కానీ అమ్మ నవ్విన తర్వాత ఈ ఎండ సంగతే వెతకాలనిపించింది.

ఈ జబ్బు చరిత్ర ఇంగ్లండులో మొదలవుతుంది. పిల్లల కాళ్ళు విల్లులా వంగిపోయే రికెట్స్ గురించి 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ అనే డాక్టర్ లాటిన్‌లో పెద్ద పుస్తకం రాశాడు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి, బొగ్గు పొగ ఆకాశాన్ని కప్పేసింది, ఇరుకు గల్లీల్లోకి వెలుతురు రాలేదు. నగరాల్లో వంకర కాళ్ళ పిల్లలు ఇంకా పెరిగారు. జర్మన్లు దీనికి "ఇంగ్లీషు జబ్బు" అనే పేరే పెట్టారు!

నాకు బాగా నచ్చిన మనిషి థియోబాల్డ్ పామ్. ఈ మిషనరీ డాక్టర్ జపాన్‌లో సుమారు పదేళ్ళు పనిచేశాడు. అక్కడ రికెట్స్ కనపడలేదు. తిరిగి ఇంగ్లండు వచ్చి చూస్తే ఎక్కడ చూసినా అదే. ఆయన దగ్గర ల్యాబ్ లేదు, యంత్రాలు లేవు. చైనా, ఇండియా, సిలోన్ లాంటి దేశాల్లో ఉన్న తోటి డాక్టర్లకు ఉత్తరాలు రాసి, "మీ దగ్గర ఈ జబ్బు ఉందా?" అని అడిగాడు. జవాబులన్నీ పక్కపక్కన పెట్టుకొని, తిండి తక్కువైన పేద దేశాల్లో లేని జబ్బు మన దగ్గర ఉందంటే కారణం ఎండ లేకపోవడమే అని 1890లో రాశాడు. పిల్లల్ని ఎండలో ఉంచమన్నాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1919లో బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టర్ రికెట్స్ ఉన్న పిల్లల మీద పాదరసం దీపం వెలుతురు వేశాడు. ఎముకలు గట్టిపడటం ఎక్స్‌రేలో కనిపించింది. ఒక చేతికే వెలుతురు తగిలించినా రెండో చెయ్యి కూడా బాగైంది. అంటే చర్మంలో ఏదో తయారై రక్తంలో ఒళ్ళంతా తిరుగుతోందన్నమాట. అదే సమయంలో ఇంగ్లండులో మెలన్‌బీ కుక్కపిల్లలకు కాడ్ చేప నూనె పట్టి రికెట్స్ రాకుండా చేశాడు. ఒకరు వెలుతురు అన్నారు, ఒకరు తిండి అన్నారు. ఇద్దరిదీ నిజమే. 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ ఆ నూనెలో పనిచేసే పదార్థం ఏ విటమిన్ కాదని తేల్చాడు. ఏ, బి, సి అక్షరాలు అప్పటికే అయిపోయాయి కాబట్టి దీనికి డి వచ్చింది.

ఇక మన దగ్గరికి వస్తాను. అదే 1922లో హచిసన్, షా అనే ఇద్దరు నాసిక్‌లో చేసిన పరిశీలన అచ్చయింది. నాసిక్ మా మహారాష్ట్రలోదే, ఎండకు తక్కువేమీ కాదు. అక్కడ పొలంలో, రోడ్ల మీద తిరిగే పేదల పిల్లలకు తిండి అంతంతమాత్రమే, అయినా ఎముకలు బాగున్నాయి. పరదా పాటించే డబ్బున్న ఇళ్ళల్లో తిండి మంచిదే, కానీ ఆడవాళ్ళు, పసిపిల్లలు లోపలి గదుల్లోనే ఉండటంతో రికెట్స్ వారిలోనే కనిపించింది. ఇది చదివి నేను పుస్తకం మూసి మా ఇల్లు చూశాను. మాకు పరదా లేదు, డబ్బూ లేదు. కానీ ఆకు తడి ఆరకూడదని అమ్మ కూడా లోపలే ఉంటుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది కదా అనుకున్నాను. కానీ విటమిన్ తయారు చేసే అతినీలలోహిత కిరణాల్ని కిటికీ అద్దం ఆపేస్తుందట. పైగా మన చామనఛాయ ఒంటికి తెల్లవాళ్ళకంటే ఎక్కువ సేపు ఎండ కావాలి. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు చూసినప్పుడు కూడా పొలంలో పనిచేసే పల్లెవాళ్ళకు పట్నంవాళ్ళకంటే ఈ విటమిన్ ఎక్కువ ఉంది.

ప్యాకెట్ల సంగతి చెప్పాలి. ఒక్కో దాంట్లో 60,000 యూనిట్లు. మనిషికి రోజుకు కావలసింది 600 మాత్రమే. అవి వారానికి ఒకటి వేసుకోవాలి. మందుల షాపులో ఆ మాట చెప్పలేదు. చీటీ ఇంగ్లీషులో ఉంది, అమ్మకు చదవడం రాదు. నాలుగు రోజులు రోజుకొకటి పాలల్లో కలిపి తాగేసింది. ఐదో రోజు నేను చూసి భయపడి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కాల్షియం పరీక్ష చేయించి, ప్రమాదం లేదుగానీ నెల రోజులు ఆపమన్నారు. నాకెందుకు అంత భయం వేసిందంటే, 1950లలో బ్రిటన్‌లో రికెట్స్ రాకూడదని పసిపిల్లల పాలపొడిలో, తిండిలో, నూనెలో అన్నిట్లో డి విటమిన్ కలిపారు. కొందరు పిల్లలకు రక్తంలో కాల్షియం పెరిగి జబ్బు చేసింది. 1957లో కలిపే మోతాదు తగ్గించారు. ఎండతో అలా ఎక్కువ కాదు. చాలినంత అయ్యాక చర్మమే ఆపుకుంటుంది.

ఇప్పుడు ప్యాకెట్ల మీద నేను తెలుగులో "సోమవారం" అని రాసి పెట్టాను. అమ్మ రోజూ చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పడానికి పదకొండింటికి వెళ్తుంది. ఇదివరకు షేర్ ఆటోలో, తల మీదుగా కొంగు కప్పుకొని వెళ్ళేది. ఇప్పుడు పోయేటప్పుడు నడుస్తోంది. చేతులు మోచేతుల దాకా బయట పెట్టమంటే, "నల్లగైతనే" అంది. అయినా పెడుతోంది.