అంటువ్యాధులు, హజ్ మార్గం, సరిహద్దు ద్వారాలు

పొరుగు దేశంలో అంటువ్యాధి తలెత్తిందని వినగానే పాలకులకు మొదట స్ఫురించే ఉపాయం సరిహద్దు మూయడం. ప్రాణరక్షణ కోసం రాకపోకలను నిలపడం ఇస్లామీయ చరిత్రకు కొత్త కాదు. అయితే ద్వారం మూయవచ్చునా అన్న ప్రశ్నతోనే విచారణ ముగియదు. అది ఎవరికి మూశారు, ఎవరికి తెరచి ఉంచారు, ఆ కష్టాన్ని ఎవరు భరించారు అన్నవి కూడ అంత ముఖ్యమైన ప్రశ్నలే. హజ్ యాత్ర చరిత్ర వీటికి స్పష్టమైన సమాధానాలు ఇస్తుంది.

సర్గ్ వద్ద సంప్రదింపు

హిజ్రీ 18వ సంవత్సర ప్రాంతంలో (క్రీ.శ. 639) ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుండి సిరియాకు బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. సేనాధిపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానులు ఎదురు వచ్చి సిరియాలో మహమ్మారి వ్యాపించిందని తెలిపారు. అదే చరిత్రలో అమ్వాస్ ప్లేగుగా ప్రసిద్ధి చెందింది. ఖలీఫా మొదట ముహాజిర్లను, తరువాత అన్సార్లను సంప్రదించారు. ఉభయులలోను భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పిమ్మట పిలిపించిన ఖురైష్ పెద్దలు మాత్రం వెనుదిరగడమే మేలని ఏకకంఠంతో చెప్పారు.

తిరుగు ప్రయాణం నిశ్చయమైనప్పుడు, ఇది దైవనిర్ణయం నుండి పారిపోవడం కాదా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే తాము వెళుతున్నామని ఖలీఫా బదులిచ్చారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ఈ విషయమై దైవప్రవక్త (స) ఉపదేశాన్ని వినిపించారు. వ్యాధి ఉన్న ప్రదేశంలో ప్రవేశించరాదు. తామున్న చోట వ్యాధి ప్రబలితే దానికి భయపడి అక్కడి నుండి పారిపోరాదు.

ఈ ఆదేశంలోని సమతూకం గమనించదగినది. అది వెలుపలి వానిని ఎంతగా కట్టడి చేసిందో లోపలి వానిని అంతే కట్టడి చేసింది. వర్తకునికి ఒక నియమం, బాటసారికి ఒక నియమం అనే భేదం అందులో లేదు. అబూ ఉబైదా (రజి) తన ప్రజలను విడిచి రాలేదు. ఆ వ్యాధితోనే మరణించారు. ఆయన తరువాత బాధ్యత స్వీకరించిన హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) కూడ దానికే బలి అయ్యారు.

1865 నాటి విషాదం

కలరా 1831లో మక్కాలో తొలిసారిగా విజృంభించింది. కాని ప్రపంచాన్ని కలవరపరచింది 1865 నాటి హజ్. ఆ సంవత్సరం సుమారు 90,000 మంది యాత్రికులలో 15,000 మంది దాకా మరణించారని అంచనా. అప్పటికి సూయజ్ కాలువ ఇంకా తెరవలేదు. హాజీలు స్టీమర్లలో సూయజ్ రేవుకు చేరి, అక్కడి నుండి రైలులో అలెగ్జాండ్రియాకు వెళ్ళేవారు. వారితో పాటు వ్యాధి కూడ పయనించింది. కొద్ది వారాలలోనే అది అలెగ్జాండ్రియా, ఇస్తాంబూలు, మార్సెయ్ నగరాలను తాకింది. ఒంటెల బిడారుల కాలంలో దారిలోనే అణగిపోయే వ్యాధి ఆవిరి యంత్రం వేగంతో ఖండాలు దాటింది.

1866లో ఇస్తాంబూలులో అంతర్జాతీయ ఆరోగ్య మహాసభ జరిగింది. కలరా హిందూదేశం నుండి పుట్టి, యాత్రికుల ద్వారా వ్యాపిస్తున్నదని సభ నిర్ణయించింది. వ్యాధి తలెత్తితే అరబ్బు రేవులకు, ఈజిప్టుకు మధ్య సముద్ర మార్గాన్ని పూర్తిగా తెంచివేయాలన్న ప్రతిపాదన కూడ ఫ్రాన్సు నుండి వచ్చింది.

కమరాన్ ద్వీపం

ఆ ఆలోచనల ఫలితంగా 1882లో ఎర్రసముద్ర దక్షిణ ముఖాన కమరాన్ ద్వీపంలో ఉస్మానీ ప్రభుత్వం క్వారంటైన్ కేంద్రం స్థాపించింది. హిందూదేశం నుండి, జావా నుండి వచ్చే హజ్ ఓడలన్నీ అక్కడ ఆగవలసిందే. ఎండకు మాడే ఆ దీవిలో యాత్రికులు రోజుల తరబడి నిలిచి, తమ నిర్బంధానికి తామే రుసుము చెల్లించేవారు. తాగునీటి గురించి, సరుకుల ధరల గురించి ఫిర్యాదులు తరచుగా వచ్చేవి. తిరిగి ఉత్తరానికి వెళ్ళేవారికి సినాయ్ తీరాన తూర్ వద్ద మరొక కేంద్రం ఉండేది.

ఇదే కాలంలో వాణిజ్య నౌకల పట్ల వైఖరి వేరు. స్వేచ్ఛా వాణిజ్యానికి భంగమంటూ బ్రిటన్ క్వారంటైన్లను ప్రతిఘటించింది. 1892 నాటి వెనిస్ ఒప్పందం నౌకలు రేవులో దిగకుండా, క్వారంటైన్ స్థితిలోనే సూయజ్ కాలువను దాటే వీలు కల్పించింది. సరుకుకు ప్రయాణ సౌలభ్యం లభించింది. బీద హాజీకి ఇసుక దీవి లభించింది. రెండేళ్ళ తరువాత పారిస్‌లో జరిగిన సభ ప్రత్యేకంగా హజ్ యాత్రికుల కట్టడి కోసమే సమావేశమయింది.

అనుమానాలు పెరిగిన చోట ఆగ్రహం కూడ పెరిగింది. 1895లో జిద్దా సమీపంలో బద్దూలు కాన్సల్ కార్యాలయాల వారిపై దాడి చేసినప్పుడు బ్రిటిష్ ఉప కాన్సల్ డాక్టర్ అబ్దుర్రజాక్ మరణించారు. ఆయన యాత్రికుల ఆరోగ్యం కోసం పాటుపడిన హిందూదేశపు ముస్లిం వైద్యుడు. ఆరోగ్య చర్యలు తమ మేలు కోసమేనని ప్రజలకు నమ్మకం కలగనప్పుడు వైద్యుడు కూడ శత్రువుగానే కనిపిస్తాడు.

1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించగా, 1897లో ప్రభుత్వం అక్కడి నుండి హజ్ యాత్రను నిలిపివేసింది. బొంబాయి రేవు మీదుగా మక్కా చేరే హైదరాబాదు యాత్రికులకు కూడ ఆ దారి మూతపడింది.

ద్వారం కన్న నీరు ముఖ్యం

1883-84లో రాబర్ట్ కాక్ కలరా క్రిమిని గుర్తించాడు. అది కలుషిత జలం ద్వారా వ్యాపిస్తుందని రుజువయిన కొద్దీ శుద్ధజలం, మురుగు పారుదల, టీకాలు ప్రాధాన్యం పొందాయి. 1951 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనలలో కూడ హాజీల కోసం ప్రత్యేక అనుబంధం ఉండేది. 1956లో జిద్దాలో సౌదీ అరేబియా స్వంత క్వారంటైన్ కేంద్రం ప్రారంభమయిన పిమ్మట ఆ అనుబంధం తొలగింది. తొంభై ఏళ్ళ తరువాత హాజీ ఇతర ప్రయాణికులతో సమానుడయ్యాడు.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు సౌదీ ప్రభుత్వం ఫిబ్రవరి నెలాఖరున విదేశీ ఉమ్రా యాత్రికులను నిలిపివేసింది. ఆ ఏటి హజ్‌కు దేశంలో నివసించే కొద్దిమందిని మాత్రమే అనుమతించింది. 2021లో దాదాపు 60,000 మంది దేశవాసులు హజ్ చేశారు. 2022లో విదేశీయులకు మార్గం తెరుచుకుంది. విశ్వాసులు కంటతడి పెట్టినా, ఈ నియమం దేశాన్ని బట్టి, అంతస్తును బట్టి మారలేదు గనుక దాన్ని సహించారు. ఇందుకు భిన్నంగా 2021 నవంబరులో దక్షిణాఫ్రికా ఒమిక్రాన్ రకాన్ని నిజాయితీగా లోకానికి తెలుపగానే, పలు దేశాలు దక్షిణాఫ్రికా ప్రాంతపు దేశాలకే తలుపులు మూశాయి. నిజం చెప్పినవాడికి దక్కిన ప్రతిఫలం అది. ఇటువంటి శిక్ష చూసినవాడు రేపు వ్యాధిని దాచిపెట్టడా?

సర్గ్ వద్ద జరిగింది సంప్రదింపు. విధించబడింది ఉభయులకు వర్తించే నియమం. దానికి కట్టుబడినవారిలో సేనాధిపతి మొదటివాడు. కమరాన్‌లో కొరవడినవి ఈ మూడే. సరిహద్దు మూయవలసిన రోజు మళ్ళీ రావచ్చు. మూసేవారు ఆ కష్టంలో తమ వంతు ఎంతో చెప్పగలిగినప్పుడే ఆ మూత న్యాయమనిపించుకుంటుంది.