రెండో కాలం తెగకుండా

తెల్లవారుజామున అయిదున్నర. రాజమండ్రి దానవాయిపేటలో మా అన్నయ్యవాళ్ల ఇల్లు, మేడ మీద వెనకగది. వదిన చాప పరిచి, శ్రుతిపెట్టె ఆన్ చేసి, స్టూలు మీద టాబ్లెట్ నిలబెట్టింది. తెర మీద న్యూజెర్సీ పాప. అక్కడ నిన్నటి సాయంత్రం ఏడు గంటలు. జంటస్వరాలు, మాయామాళవగౌళ. మొదటి కాలం నెమ్మదిగా, పర్వాలేదన్నట్టు సాగింది. నేను గుమ్మం దగ్గర కాఫీ గ్లాసుతో నిలబడి వింటున్నాను.

"ఇప్పుడు రెండో కాలం" అంది వదిన.

"సస రిరి గ—"

అంతే. పాప నోరు తెరిచినట్టే ఆగిపోయింది. ఒక క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే మిగిలిన స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ కుప్పగా వచ్చాయి. వదిన చెయ్యి తాళం మధ్యలో గాలిలో నిలిచిపోయింది. "వినబడుతోందా అమ్మా? నేను వినబడుతున్నానా నీకు?" అరగంట పాఠంలో ఆ మాట పదకొండుసార్లు అంది. లెక్కపెట్టాను.

పాఠం అయ్యాక టాబ్లెట్ నా చేతికిచ్చింది. "నిరుడు దీపావళికి మీ అన్నయ్య ఈ రెండు మెష్ పెట్టెలూ కొన్నాడు. ఒకటి కింద, ఒకటి ఇక్కడ నా బల్ల మీదే పెట్టాడు. సిగ్నల్ చూడు, నిండుగా ఉంది. మరెందుకయ్యా ఇలా?"

నిజమే, గీతలన్నీ నిండుగా ఉన్నాయి. అప్పుడే స్పీడ్ టెస్ట్ పెడితే 80 ఎంబీపీఎస్ చూపించింది. వీడియో కాల్‌కి అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. కాబట్టి వేగాన్ని పక్కనపెట్టి ల్యాప్‌టాప్ తెరిచాను. ఇంట్లోనే, కింద ముందుహాల్లో మెయిన్ రౌటర్‌గా ఉన్న మొదటి మెష్ పెట్టెకి పింగ్ పెట్టాను. సెకనుకోసారి ఒక చిన్న పలకరింపు వెళ్తుంది, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో తెర మీద పడుతుంది. 4 మిల్లీసెకన్లు. 3. 5. 290. 4. 612. తర్వాతదానికి జవాబే లేదు. మళ్లీ 3.

"ఇది చూడండి వదినా" అన్నాను. "ఇదే మీ రెండో కాలం."

న్యూజెర్సీ ఇక్కడికి పన్నెండు వేల కిలోమీటర్ల పైనే. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ఎంత మంచి కనెక్షనైనా గొంతు అటు చేరి ఇటు జవాబు రావడానికి సెకనులో ఎనిమిదో వంతుకి తగ్గదు, మామూలుగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. అందుకే గురువూ శిష్యురాలూ కలిసి పాడటం కుదరదు. వదిన దీనికి ఏనాడో దారి కనిపెట్టింది: తను పాడి వినిపిస్తుంది, తర్వాత పాప తన తాళం తనే వేసుకుంటూ పాడుతుంది. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చెవి అలవాటుపడిపోతుంది. ఒకసారి 3, ఒకసారి 612 అయితే ఏ చెవీ అలవాటుపడలేదు. ఆ నిలకడలేనితనం సముద్రాల అవతల పుట్టడం లేదు. ఈ గదికీ ముందుహాలుకీ మధ్య, నలభై అడుగుల్లో పుడుతోంది.

ఫోన్‌లో సిగ్నల్ కొలిచే యాప్ తెరిచి కిందికి దిగాను. అంకెలు మైనస్‌లో ఉంటాయి, సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం. అంకె పది తగ్గితే బలం పదో వంతవుతుంది, ముప్ఫై తగ్గితే వెయ్యో వంతు. ముందుహాల్లో టీవీ పైన మెయిన్ రౌటర్, దాని పక్కన ఫైబర్ పెట్టె. అక్కడ మైనస్ 36. పడగ్గదిలోకి అడుగుపెడితే 50. రెండడుగులు పక్కకి జరిగితే ఒక్కసారిగా 63. తలెత్తి చూశాను. అమ్మ పెళ్లినాటి ఇనప బీరువా, తలుపుకి నిలువుటద్దం.

మూలం ఇక్కడుంది. ఇటుక గోడ తరంగాన్ని కొంత తాగి కొంత వదులుతుంది. ఇనప రేకు అసలు వదలదు. అద్దం వెనక పూతా లోహమే కాబట్టి అదీ వెనక్కి కొడుతుంది. రౌటర్ నుంచి మేడగదికి గీత గీస్తే సరిగ్గా ఈ బీరువా మీదుగా పోతుంది, ఆపైన ఊచలు అల్లిన స్లాబు. మెట్ల కింద 60, మెట్ల మలుపులో 64. వదిన బల్ల దగ్గర పక్కనున్న రెండో పెట్టెని ఆపేసి, కింది రౌటర్ ఒక్కదాన్నే కొలిచాను: మైనస్ 81.

అంటే ఈ రెండో పెట్టెకి కింది నుంచి అందుతున్నది ఈ పాటి గొంతే. అది మాత్రం అడుగు దూరంలో ఉన్న టాబ్లెట్‌తో నిండుగా మాట్లాడుతోంది. తెర మీద గీతలు చెప్పేది ఆ చివరి అడుగు గురించే. పాలాయన గుమ్మంలోనే ఉన్నాడు, క్యాన్‌లో పాలు లేవు. ఈ పొరపాటు నేను చూసిన ప్రతి మూడో ఇంట్లో ఉంది. సిగ్నల్ ఎక్కడ లేదో అక్కడ పెట్టె పెడతారు. పెట్టాల్సింది సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చివరి చోట.

మెట్ల మలుపులో ప్లగ్గు లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి, స్టూలు వేసి పెట్టెని అక్కడికి మార్చాను. మళ్లీ పింగ్: 4, 6, 5, 38, 4, 22, 5. జవాబు రానిది ఒక్కటీ లేదు. అన్నయ్య హాల్లోంచి కాల్ చేస్తే మేడ మీద వదిన ఒక కీర్తన ఎత్తుకుంది. తెగలేదు. కొందరికి ఇక్కడితో పని అయిపోయినట్టే.

నాకు ఆ 38 నచ్చలేదు. గాలిలోనే అందుకుని గాలిలోనే అందించే పెట్టె ప్రతి మాటకీ రెండుసార్లు గాలిని వాడుకోవాలి, ఒకసారి వినడానికి, ఒకసారి చెప్పడానికి. రెండూ ఒకే రేడియో మీద అయితే దారి సగమవుతుంది. పక్కిళ్ల రౌటర్లు జోరందుకునే సాయంత్రం వేళ ఆ సగం కూడా మిగలదు. ఇలా గాలిలోనే అందుకుని అందించే ఆలోచనతో 2000ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు కేంబ్రిడ్జి ఊళ్లో ఇళ్ల కప్పుల మీద యాంటెన్నాలు పెట్టి, ఒకదాన్నుంచి ఒకదానికి ఇంటర్నెట్ అందించారు. అక్కడ కప్పుకీ కప్పుకీ మధ్య ఉన్నది గాలి. మనింట్లో ఉన్నది స్లాబు. తీగ వేయగలిగిన చోట తీగే వెయ్యాలి. ఈ మాట మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

తీగ ఎలా వెయ్యడం? అన్నయ్యే గుర్తుచేశాడు. ఇల్లు కట్టినప్పుడు కేబుల్ టీవీ కోసం హాల్లోంచి మేడగదికి గోడలో పైపు వేశారు, అందులో పాత కేబుల్ ఇంకా ఉంది. కరెంటు తీగలు లేని పైపు, అది మా అదృష్టం. వాటితో కలిపి నెట్ తీగ వేయకూడదు.

మధ్యాహ్నం బజారు నుంచి ముప్ఫై మీటర్ల క్యాట్ 6 తీగ, జాకులు, క్రింపింగ్ టూల్ వచ్చాయి. పాత కేబుల్ కొసకి కొత్త తీగ కట్టి, ముడి ఎక్కడా పొడుచుకు రాకుండా టేపు చుట్టి, పైన టాల్కం పౌడర్ రాశాం. అన్నయ్య మేడ మీద లాగుతున్నాడు, నేను కింద నుంచి అందిస్తున్నాను. ఆరేడు మీటర్లు వెళ్లి ఆగిపోయింది. స్లాబు వంపు.

"గట్టిగా లాగెయ్యనా?"

"వద్దు అన్నయ్యా! లోపల జంటల మెలి సాగిపోతుంది. కొంచెం వెనక్కి వదులు... ఆఁ, ఇప్పుడు మెల్లగా."

తీగ నా వేళ్ల మధ్య ఒకసారి వణికి, జారింది. పైనుంచి "వచ్చేసింది!" అని కేక.

సాయంత్రం మేడగదిలో చాప మీద కూర్చుని కొసలు విప్పుతున్నాను. నీలం తొడుగు లోపల ఎనిమిది సన్నటి తీగలు, రెండేసి మెలిపెట్టుకుని నాలుగు జంటలు. ఒక్కో జంట మెలి ఒక్కో బిగువులో ఉంటుంది, ఒకదాని మాట ఇంకొకదానికి అంటకుండా. వదిన వంగి చూసి "ఇవీ జంటస్వరాలేనా?" అని నవ్వింది. మెలి విప్పి, వేలితో సాపు చేసి, వరస పేర్చాను: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. కొసలన్నీ ఒకే గీత మీద కత్తిరించి, జాకులోకి తోసి, టూల్‌తో నొక్కాను. టక్కుమంది. కింద కొసకీ అదే వరస.

పెట్టె మళ్లీ వదిన బల్ల మీదికొచ్చింది, ఈసారి తీగతో. దీపం వెలిగింది. కానీ యాప్‌లో లింకు వేగం చూస్తే వెయ్యి ఉండాల్సిన చోట 100 ఉంది.

సంగీత పాఠానికి వందా ఎక్కువే. అయినా వదిలెయ్యలేను. వందకి ఎనిమిదిలో నాలుగు తీగలు చాలు, వెయ్యికి ఎనిమిదీ కావాలి. అంటే ఎక్కడో ఒక తీగ తగలడం లేదు. ఇవాళ తగలనిది ఉంటే, దాని పక్కది రేపు తగిలీ తగలకుండా ఉంటుంది. జాకుని దీపం ముందు పట్టి పారదర్శకంగా ఉన్న ముక్కులోకి చూశాను. ఏడు రాగి కొసలు చివరిదాకా వచ్చి మెరుస్తున్నాయి. చివరి గోధుమ తీగ కొస వెంట్రుకవాసి వెనక ఆగిపోయింది. జాకు కోసేసి, తీగలు మళ్లీ పేర్చి, ఈసారి ఎనిమిది కొసలూ ముక్కుకి తగిలాయని కళ్లారా చూశాకే నొక్కాను. 1000.

మిగిలినవి చిన్న పనులు. ఫైబర్ పెట్టే, మెయిన్ రౌటరూ రెండూ ఇంటి అడ్రసులు పంచుతున్నాయి, అందుకే కింది ప్రింటర్ మేడ మీదికి కనబడటం లేదు. మెష్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చితే ఆ తగువు తీరింది. టాబ్లెట్‌ది ఇంకో అలవాటు, కింద హాల్లో పట్టుకున్న సిగ్నల్‌ని మేడెక్కినా వదలదు. ఏ పెట్టెతో ఉండాలో చివరికి తేల్చేది చేతిలోని పరికరమే, రౌటర్ అడగగలదు గానీ శాసించలేదు. కింది పెట్టె గొంతు ఒక మెట్టు తగ్గిస్తే మెట్ల మలుపులోనే మారడం మొదలెట్టింది. ఫైబర్ పెట్టెకీ రెండు మెష్ పెట్టెలకీ తలా ఒక చిన్న యూపీఎస్. మూడింట్లో ఏది ఆరినా పాఠం ఆగిపోతుంది. కాల్ యాప్‌లో ఒక మార్పు మాత్రం సంగీతం చెప్పేవాళ్లందరూ చేసుకోవాలని నా కోరిక. చప్పుడు తగ్గించే సదుపాయం శ్రుతిని కూడా చప్పుడనుకుని మింగేస్తుంది. అసలు శబ్దాన్ని అలాగే పంపమని పెట్టుకోవాలి.

మళ్లీ తెల్లవారుజామున అయిదున్నర. శ్రుతిపెట్టె. తెర మీద అదే పాప, ఇవాళ రెండు జడలు. ల్యాప్‌టాప్‌లో పింగ్ నడుస్తోంది: 2, 2, 1, 2, 2.

"రెండో కాలం" అంది వదిన.

"సస రిరి గగ మమ..." గొంతు చివరి సా దాకా వెళ్లి, తిరిగి దిగుతోంది. వదిన కళ్లు మూసుకుంది. చెయ్యి తొడ మీద తాళం వేస్తూనే ఉంది, ఎక్కడా ఆగలేదు. వరస పూర్తయింది. "వినబడుతోందా" అని అడుగుతుందేమోనని చూశాను.

"రెండో రి మీద నొక్కు పడటం లేదమ్మా" అంది. "మొదటిదాన్ని తాకి, రెండోదాన్ని కొంచెం ఒత్తాలి. రి-రీ. విన్నావా? ఏదీ, మళ్లీ."

పాప తల ఊపి, తొడ మీద చెయ్యి వేసింది.