నూతుల మీద లేచిన చర్చి



మన గూడూరు వాళ్ళకి పెళ్ళి చీరలకైనా, పెద్దాసుపత్రికైనా మద్రాసే గదా! అదే ఇప్పటి చెన్నై. సెంట్రల్ స్టేషన్లో దిగి పూనమల్లి హైరోడ్డు మీద ఎగ్మూరు వైపు వెళ్తుంటే, చెట్ల మధ్య తెల్లని శిఖరం ఒకటి కనిపిస్తుంది. అదే సెయింట్ ఆండ్రూస్ కర్క్. స్కాట్లండు వారి మాటలో కర్క్ అంటే చర్చి.

కంపెనీ కొలువుకు వచ్చిన స్కాట్లండు వారు తమకోసం కట్టుకున్నారు దీన్ని. వారు ప్రెస్బిటీరియన్లు. 'పెద్ద' అని అర్థమిచ్చే గ్రీకు పదం నుంచి వచ్చింది ఆ పేరు. వారికి బిషప్పు ఉండడు. సంఘం ఎన్నుకున్న పెద్దలే పాదిరిగారితో కలిసి వ్యవహారాలు చక్కబెడతారు.

1818లో పునాది వేశారు. అక్కడి నేల చిత్తడి. ఇంజనీరు డి హావిలాండ్ ఏం చేశాడనుకున్నారు? మన పెరటి నూతుల్లాంటివే దాదాపు 150 నూతులు దింపించి, వాటి మీద కట్టడం లేపాడు! లోపల 16 స్తంభాల మీద నీలి గుమ్మటం, దాని నిండా నక్షత్రాలు. 1821లో ఆరాధన మొదలైంది.

ఇంతకీ నేను చెప్పదలచింది గుమ్మటం సంగతి కాదు. 1835లో ఈ చర్చి పాదిరులు మన పిల్లలకోసం ఒక బడి పెట్టారు. 1837లో జాన్ ఆండర్సన్ వచ్చి దాన్ని చేపట్టాడు. మరుసటి ఏడే పరీక్ష వచ్చింది. బడిలో దళిత పిల్లలున్నారని తెలిసి, వాళ్ళని తీసెయ్యమని పై కులాల వారు పట్టుబట్టారు. ఆండర్సన్ ఒప్పుకోలేదు. ఎంతోమంది బడి మానేశారు. అయినా ఆయన లొంగలేదు. కొన్నాళ్ళకు చాలామంది వాళ్ళంతట వాళ్ళే తిరిగొచ్చారు.

ఆ బడికి మన నెల్లూరులోనూ ఒక శాఖ నడిచింది. మద్రాసు బడే పెరిగి పెద్దదై, 1877లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అనిపించుకుంది. కర్క్ ఇప్పుడు దక్షిణ ఇండియా సంఘంలో భాగం. తెల్లవారు తమకని కట్టుకున్న చోట ఇవాళ మనవాళ్ళు కూర్చుని ప్రార్థిస్తున్నారు.

రమ్మని పిలవడం సులువేనండీ. వచ్చినవాళ్ళని సమానంగా కూర్చోబెట్టడమే కష్టం. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు మన వీధిలో ఇంకా లేవంటారా? ఇవాళ కాఫీ కలిపేటప్పుడు ఆ బడి పిల్లల్ని ఒక్కసారి తలచుకోండి.

సెలవు.