కొలత ఎవరి చేతిలో ఉంది? సంత కుంచం నుంచి కొలిచే మిషన్ దాకా

ఐటీఐ, పాలిటెక్నిక్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ పోస్టు చివరిదాకా చదవండి. కొంచెం పెద్దదే, కానీ పనికొచ్చే చరిత్ర.

మా తాత చెప్పేవాడు, సంతలో సావుకారి దగ్గర రెండు కుంచాలు ఉండేవట. మన కందులు, చోళ్లు కొనేటప్పుడు పెద్ద కుంచం, మనకి అమ్మేటప్పుడు చిన్న కుంచం. తేడా ఉందని కంటికి తెలుస్తూనే ఉంది. కానీ అడగడానికి మన దగ్గర ఇంకో కుంచం లేదు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టడానికి సంతల్లో జరిగే ఈ దోపిడీ కూడా ఒక కారణం. 1958 అక్టోబరు నుంచి దేశంలో దశలవారీగా కిలో తూకాలు వచ్చాయి. ఫ్యాక్టరీల చరిత్ర చదివితే అక్కడా ఇదే తగువు కనిపించింది నాకు.

మొదట్లో తుపాకీ భాగాలు చేత్తో ఆకురాయి పట్టి సరిచేసేవాళ్లు. ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీలో పట్టేది కాదు. 1785లో ఫ్రాన్స్‌లో ఆనొరే బ్లాంక్ అనే ఆయన తుపాకీ లాక్ భాగాలు కుప్పపోసి, థామస్ జెఫర్సన్‌ని చేతికొచ్చినవి తీసి బిగించమన్నాడు. అన్నీ పట్టాయి. భాగాలన్నీ ఒకే కొలతలో ఉంటే ఏది దేనికైనా పడుతుందని అలా చూపించాడు. అలా ఉండాలంటే ప్రతి కొలతకీ ఒక గేజ్ కావాలి. ఒక కొత్త తుపాకీకి గేజ్‌లే కుప్పలు కుప్పలు చేసుకోవాలి.

ఈ బాధ తప్పించింది స్వీడన్‌లోని ఎస్కిల్‌స్టూనా తుపాకుల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసే కార్ల్ ఎడ్వర్డ్ జొహాన్సన్. 1896లో ఆయనకొచ్చిన ఆలోచన ఇది: 102 ఉక్కు బిళ్ళలు ఉంటే చాలు, వాటిని కలుపుకుంటూ సుమారు 20,000 కొలతలు తయారు చేయొచ్చు. ఉదాహరణకి 38.47 మిల్లీమీటర్లు కావాలా? 1.47 బిళ్ళ, 12 బిళ్ళ, 25 బిళ్ళ, మూడూ కలపండి. వాటి ముఖాలు ఎంత నున్నగా ఉంటాయంటే, తోసి రుద్దితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటిని అరగదీయడానికి ఆయన ఇంట్లో వాడిన మిషన్ ఏంటో తెలుసా? భార్య కుట్టుమిషన్‌ని మార్చి చేసుకున్నది!

అప్పుడు బ్రిటిష్ అంగుళం, అమెరికా అంగుళం కూడా ఒకటి కావు. ఒకటి 25.4 మిల్లీమీటర్ల కంటే అతి కొద్దిగా తక్కువ, ఇంకోటి అతి కొద్దిగా ఎక్కువ. అక్కడా రెండు కుంచాలే అన్నమాట! జొహాన్సన్ తన అంగుళం బిళ్ళల్ని సరిగ్గా 25.4కి చేశాడు. 1959లో ఇంగ్లిష్ మాట్లాడే దేశాలు ఒప్పందం చేసుకుని అదే కొలతకి వచ్చాయి.

1950ల్లో ఇంకో చిక్కు వచ్చింది. మిషన్లు తమంతట తామే కోసే కాలం మొదలైంది. కోత నిమిషాల్లో అయిపోతోంది, కొలత మాత్రం గంటలు పడుతోంది. స్కాట్లండ్‌లో ఫెరాంటి కంపెనీ రెండు దిక్కుల్లో కదిలి కొలిచే మిషన్ చేసింది. 1960ల్లో ఇటలీలోని టురిన్‌కి చెందిన డీఈఏ మూడు దిక్కుల మిషన్ తెచ్చింది. దాన్నే ఇప్పుడు సీఎంఎం అంటున్నాం.

అయినా గట్టి మొన తగిలించి కొలుస్తుంటే, చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందో అన్నదాన్ని బట్టి లెక్క మారిపోయేది. 1972లో కాంకర్డ్ విమానం ఒలింపస్ ఇంజిన్‌లోని సన్నని గొట్టాలు కొలవడం కష్టమైతే, రోల్స్ రాయిస్‌లో పనిచేసే డేవిడ్ మెక్‌మర్ట్రీ ఒక ప్రోబ్ తయారు చేశాడు. దాని మొన మూడు చోట్ల ఆనుకుని కూర్చుంటుంది. ఏ పక్క నుంచి తగిలినా కొంచెం లేస్తుంది, కరెంటు సంకేతం పోతుంది, ఆ క్షణాన మిషన్ ఎక్కడుందో నమోదవుతుంది. తర్వాత మళ్లీ యథాస్థానంలో కూర్చుంటుంది. మరుసటి ఏడాదే రెనిషా కంపెనీ మొదలైంది. ఈ ప్రోబ్‌కి కంప్యూటర్ తోడయ్యాక, మిషనే పాయింట్లు తాకి, డ్రాయింగ్‌తో పోల్చి, పాస్ ఫెయిల్ చెప్పేస్తోంది.

ఇక నా సంగతి. ఐటీఐ ఫిట్టర్ అయ్యాక ఒక ఫ్యాక్టరీలో చేరా. మొదటి నెలలోనే నేను మైక్రోమీటర్‌తో చూసి ఓకే చేసిన భాగాలు సీఎంఎం దగ్గర రిజెక్ట్ అయ్యాయి. "అడవి నుంచి వచ్చినోళ్లకి మైక్రాన్లేం తెలుస్తాయి" అని ఒకాయన అనేశాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక సీనియర్ అన్న పక్కన కూర్చోబెట్టి అడిగాడు, "తమ్ముడూ, మిషన్ మీంచి తీసి వేడిగా ఉన్నప్పుడే కొలిచావా?" అవును, అలాగే కొలిచా. కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర లెక్క. 100 మిల్లీమీటర్ల ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 11 మైక్రాన్లు పెరుగుతుంది. వేడిలో సరిపోయింది చల్లారాక చిన్నదైపోయింది. తప్పు నాదే. కానీ అది నేర్చుకుంటే పోయే తప్పు. దానికి పుట్టిన ఊరితో ఏం పని?

కొన్నాళ్లకి అదే మిషన్ అన్ని భాగాలనీ ఒకే రకంగా ఫెయిల్ చేస్తోంది. నేను అడిగా, "ముందు మిషన్‌ని చెక్ చేద్దామా?" గేజ్ బ్లాక్ పెట్టి చూస్తే ప్రోబ్ మొన దగ్గర మురికి. తుడిచి, మళ్లీ కాలిబ్రేట్ చేశాక అన్నీ పాస్. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

అంటే ఇంత ఖరీదైన మిషన్‌ని కూడా జొహాన్సన్ లాంటి బిళ్ళతోనే తనిఖీ చేస్తాం. ఆ బిళ్ళని ఇంకా మంచి బిళ్ళతో, దాన్ని లేజర్‌తో, చివరికి కాంతి వేగంతో. 1983 నుంచి మీటరుకి నిర్వచనమే కాంతి వేగం. మన దేశంలో ఆ గొలుసు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా వెళ్తుంది. కాంతి ఏ సావుకారి సొత్తూ కాదు కదా.

హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన సీఐటీడీలో టూల్ డిజైన్ చదువులు ఉన్నాయి, ఆసక్తి ఉన్నవాళ్లు కనుక్కోండి. మిషన్ వచ్చింది కాబట్టి మనిషి అక్కర్లేదంటే నమ్మకండి. భాగం వేడిగా ఉందా, మురికుందా, సరైన ముఖం మీద కూర్చుందా అని అడిగేవాళ్లు కావాలి. మా తాత అడగలేకపోయింది, మనం అడగగలం: "నీ కుంచాన్ని ఎవరు కొలిచారు?"

మీ అనుభవాలు కింద రాయండి. తప్పులుంటే చెప్పండి, సరిచేస్తా.