నెల్లూరు తీరంలో ఔషధ మొక్కల అన్వేషణ

నెల్లూరు తీరపు ఇసుక నేలల్లోనూ, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట అడవిలోనూ పెరిగే మొక్కల నుంచి మందులు వెతికే పని రెండు చేతుల మీదుగా జరిగింది. తరతరాలుగా వేర్లు తవ్వి, పసరు పిండి వాడిన యానాది తెగవాళ్లది ఒక చేయి. ఆ మొక్కలను ఎండబెట్టి, సారం తీసి, అందులోని రసాయనాన్ని వేరుచేసిన శాస్త్రజ్ఞులది రెండోది. ఈ రెండింటి మధ్యా ఎక్కువగా తడబాటు వచ్చింది ప్రయోగశాలలో కాదు, మొక్క పేరు దగ్గరే.

శ్రీహరికోట 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలోదే; ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. తూర్పు తీరంలో అరుదుగా మిగిలిన, ఏడాది పొడవునా పచ్చగా ఉండే మెట్ట అడవి అక్కడ కనిపిస్తుంది. పాల, నేరేడు, అల్లి, ముష్టి చెట్లు ఇసుకలోనే గుబురుగా పెరుగుతాయి. 1835లో ప్రభుత్వం ఈ దీవిని తన అధీనంలోకి తీసుకుంది. అక్కడి యానాదుల చేత అడవి సరుకు సేకరింపజేసి, బదులుగా గింజలు గానీ కూలి గానీ ఇచ్చే పద్ధతి సాగింది. తేనె, కుంకుళ్లు, ముష్టి గింజలు, చిరివేరు ఆ సరుకులో ఉండేవి. ఎడ్గర్ థర్స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం యానాదుల గురించి వివరంగా రాసింది. ఏ మొక్క దేనికి వాడతారో తెలిసినవాళ్లు వీళ్లేనన్న మాట ఈ ప్రాంతంలో అంతకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది.

చిరివేరు నేలకు అంటుకుని పెరిగే చిన్న మొక్క. దాని ప్రాణమంతా వేరులో ఉంటుంది. ఇసుకలోకి సన్నగా, లోతుగా దిగే ఆ వేరు తెగకుండా బయటికి తీయడానికి ఓపిక కావాలి. కలంకారీ బట్టకు ఎర్రదనం ఇచ్చింది ఇదే. దగ్గుకూ, కఫంలో రక్తం పడుతున్నప్పుడూ దీన్ని వాడేవారు. ఆ బట్ట ఎరుపుకు మూలమైన అలిజారిన్‌ను జర్మనీలో గ్రేబే, లీబర్మన్ 1868లో కృత్రిమంగా తయారుచేశారు. ఆ తర్వాత వేరు తవ్వేవాళ్లకు గిరాకీ పోయింది. మొక్కలోని అణువును సీసాలో తయారుచేయగలిగితే మొక్కను తెచ్చే మనిషి ఏమవుతాడో ఈ తీరం అంత ముందే చూసింది.

ముష్టి గింజ

ముష్టి గింజను అరచేతిలో పెట్టుకుంటే పెద్ద బొత్తాంలా ఉంటుంది. బల్లపరుపుగా, బూడిద రంగులో ఉండి, మధ్య నుంచి అంచు వైపుకు పరుచుకున్న సన్నటి నూగుతో వేలికి పట్టులా తగులుతుంది. లోపల ఉన్నది మాత్రం కండరాలను బిగదీసి ఊపిరి ఆపేసే విషం. నాటు వైద్యులు దీన్ని పాలలో ఉడికించి, పైపొట్టూ మొలక భాగమూ తీసేసి శుద్ధిచేస్తే తప్ప ముట్టుకోరు.

సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ తన గ్రంథం మొదటి సంపుటంలోనే చిరివేరునూ ముష్టినీ చేర్చాడు. ఆ ముద్రణ 1795లో మొదలైంది. పాతికేళ్లలోపే, 1818లో, పారిస్‌లో పెల్లెటియే, కావెంతూ ముష్టి జాతి గింజల నుంచి స్ట్రిక్నిన్ అనే ఆ విషాన్ని వేరుచేశారు. మరుసటి ఏడాది ఒక బెరడు నుంచి ఇంకో ఆల్కలాయిడ్ దొరికింది. ఆ బెరడు బ్రూసియా అనే చెట్టుదనుకుని దానికి బ్రూసిన్ అని పేరు పెట్టారు. తీరా అది ముష్టి బెరడేనని తర్వాత తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. రసాయన శాస్త్రంలో అంత పేరున్న పదార్థానికి పొరపాటు చెట్టు పేరే ఈ నాటికీ ఉండటం, మొక్కను గుర్తించడంలో జాగ్రత్త ఎంత అవసరమో చెబుతుంది. స్ట్రిక్నిన్ నిర్మాణాన్ని రాబర్ట్ రాబిన్సన్ 1946లో తేల్చాడు. 1954లో వుడ్‌వర్డ్ దాన్ని ప్రయోగశాలలో సంపూర్ణంగా నిర్మించాడు. మందుగా అది నిలవలేదు. బలానికిచ్చే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ ఎడం చాలా తక్కువ.

పేర్ల పట్టికలు

మద్రాసులో 1813లో అచ్చైన వైట్‌లా ఐన్స్‌లీ ఔషధ గ్రంథం మందు దినుసుల తెలుగు పేర్లను కూడా ఇచ్చింది. సర్కారు జిల్లాల్లో కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' వెలువరించాడు. తెలుగు పేరు చెబితే శాస్త్రీయ నామం దొరికే పుస్తకమది. మద్రాసు వైద్యుడు మొహిదీన్ షరీఫ్ 1869లో భారత ఔషధ సంహితకు రాసిన అనుబంధంలో దేశభాషల పేర్లను పోల్చి సరిచూశాడు. మొక్కల రసాయనం గురించి రాసేవాళ్లు ఈ ముగ్గురినీ తేలిగ్గా దాటేస్తారు. నా దృష్టిలో అసలు పునాది వేసింది వీళ్లే.

నేల ఉసిరి

కామెర్లంటే నెల్లూరు పల్లెల్లో మొదట గుర్తొచ్చే మొక్క నేల ఉసిరి. జానెడు ఎత్తు మొక్కకు చింతాకులాంటి ఆకులు, రెమ్మ అడుగున వరసగా ఆవగింజను మించని కాయలు. దాని చేదుకు కారణం వెతికి 1946లో కృష్ణమూర్తి, టి.ఆర్.శేషాద్రి ఫిల్లాంథిన్ అనే పదార్థం మీద పరిశోధన ప్రకటించారు. శేషాద్రి అప్పుడు ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఉన్నారు. 1960లలో అక్కడే ఎల్.రామచంద్రరావు, సహచరులు ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్‌ల నిర్మాణాన్ని పరిశీలించి, వాటిని లిగ్నాన్లు అనే రసాయనాల కోవకు చెందినవిగా గుర్తించారు.

వీళ్లంతా మొక్కను 'ఫిల్లాంథస్ నిరూరి' అన్నారు. 1985లో మిత్రా, జైన్ పాత వృక్షశాస్త్ర గ్రంథాలను సరిచూసి, మన దేశంలో ఆ పేరుతో చెలామణి అవుతున్నది ఒక జాతి కాదనీ, అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు జాతుల కలగలుపనీ చూపించారు. తేడా తెలియాలంటే భూతద్దం పట్టుకుని కూర్చోవాలి. అమారస్ పువ్వుకు రక్షక పత్రాలు ఐదు, ఫ్రాటర్నస్‌కు ఆరు. ఫిల్లాంథిన్ దండిగా ఉండేది అమారస్‌లోనే. అంటే గట్టు మీద పక్కపక్కనే పెరిగే రెండు మొక్కల్లో ఏది పీకామన్నదాన్ని బట్టి మందు గుణమే మారవచ్చు.

హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొని నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి వెంకటేశ్వరన్ 1987లో ఈ మొక్క సారం ఆ వైరస్‌పై పనిచేస్తుందని ప్రకటించారు. మరుసటి ఏడాది మద్రాసులో త్యాగరాజన్ బృందం పరీక్ష ఫలితాలు 'లాన్సెట్'లో వచ్చాయి. ఎండబెట్టిన మొక్క పొడి 200 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు, 30 రోజులు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ఆ ఆశ ఎక్కువ కాలం నిలవలేదు. థాయ్‌లాండ్‌లో చేసిన పరీక్షలో ఆ ఫలితం రాలేదు. ఇలాంటి పరీక్షలను కలిపి చూసిన 2011 నాటి కొక్రేన్ సమీక్ష నమ్మదగిన ఆధారం లేదని చెప్పింది. నేల ఉసిరిని నమ్మేవాళ్లకు ఇది మింగుడుపడదు. అయినా ఆ మద్రాసు పరీక్షను గౌరవించాలి: పల్లె మందును పోలిక గుంపుతో సరిపోల్చి లెక్క తేల్చే ధైర్యం చేసింది అది.

కంచె లోపల, కంచె బయట

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అక్కడి నుంచి ఎగిరింది. కంచె లోపల జన సంచారం తగ్గడంతో అడవి నరుకుడు తగ్గింది. 1998లో సూర్యనారాయణ, సహచరులు దీవి వృక్షసంపదపై నివేదిక వెలువరించారు. కానీ యానాదుల్లో చాలామంది దీవి దాటి రావాల్సివచ్చింది. వేరును చూపించి పేరు చెప్పగల పెద్దవాళ్లకు ఆ అడవి రోజూ తిరిగే చోటు కాకుండా పోయింది.

ఇక కంచె బయట, 2021 మే నెలలో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఇచ్చిన కోవిడ్ మందు కోసం వేల మంది బారులు తీరారు. తెల్ల జిల్లేడు పూలు, వేప, నేరేడు, పసుపు, తేనె అందులోని దినుసుల్లో కొన్ని. జనం తాకిడికి పంపిణీ ఆపేశారు. ఆయుష్ అధికారులు పరిశీలన చేపట్టి, వాడినవాళ్ల వివరాలు సేకరించారు. హాని కనిపించలేదు, కానీ కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారమూ చాలలేదు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆయుర్వేద ఔషధంగా కాక నాటు మందుగానే పరిగణిస్తూ, కడుపులోకి తీసుకునే మూడు రకాలకు అనుమతి ఇచ్చింది. కంట్లో వేసే చుక్కల మందుకు మాత్రం అప్పుడు ఇవ్వలేదు.