తరువాయి కోసం కాచుకున్న ఇల్లు

మాది కోయంబత్తూరులో తాతల కాలం నుంచీ ఉంటున్న తెలుగు కుటుంబం. బొమ్మల కథకు తరువాయి భాగం ఎప్పుడొస్తుందా అని కాచుకొని ఉండడం మా ఇంట్లో పాత అలవాటే.

1947లో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టారు. తమిళ ‘అంబులిమామ’ కూడా ఆ ఏడే వచ్చింది. మా అవ్వకు తెలుగుది కావాలి. బడిలో తమిళం చదివిన మా నాయనకు అంబులిమామ. బొమ్మలు రెండింట్లోనూ అవే, అక్షరాలే వేరు. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ సీరియల్ మొదలైంది, బొమ్మలు చిత్రా గారివి. అవ్వ పైకి చదువుతుంటే నాయన బొమ్మల మీద వేలు పెట్టి వినేవాడట. తర్వాత ఏమవుతుందో తెలియాలంటే ఇంకో నెల ఆగాల్సిందే.

నా కాలానికి ఆ కాచుకోవడం కంప్యూటర్ లోకి వచ్చింది. ఆఫీసులో ఒక స్నేహితుడు ‘ఎక్స్‌కేసీడీ’ అనే వెబ్‌కామిక్ చూపించాడు. అమెరికాలో రాండల్ మన్రో 2005లో మొదలుపెట్టింది. పుల్లల్లాంటి మనుషులు, ముఖాన కళ్ళూ ముక్కూ కూడా ఉండవు. అయినా ఆ రాత్రి ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి తెల్లారేదాకా చదివాను. సోమ, బుధ, శుక్రవారాలు నాకు పండగ రోజులైపోయాయి.

2013 మార్చి 25న 1190వ నంబరుగా ‘టైమ్’ వచ్చింది. సముద్రపు ఒడ్డున ఇద్దరు కూర్చొని ఉంటారు, అంతే. అరగంటకు బొమ్మ మారింది. కొన్నాళ్ళకు గంటకొకటి. ఇసుకతో కోట కడతారు, నీళ్ళు పెరుగుతాయి, ఎందుకో కనుక్కుందామని బయలుదేరతారు. జూలై చివరికి 3,099 బొమ్మలయ్యాయి. పేజీలో ఎప్పుడూ తాజా బొమ్మ ఒక్కటే కనబడేది. పాతవన్నీ పోకుండా దాచిపెట్టింది చదివేవాళ్ళే. మరుసటి ఏడు దానికి హ్యూగో బహుమతి వచ్చింది.

దారిలో ఆ ఇద్దరికీ వేరే మనుషులు తగులుతారు. వాళ్ళ మాట కొత్తగా పుట్టించిన అక్షరాల్లో ఉంటుంది. దాన్ని విప్పాలని ఎక్కడెక్కడి వాళ్ళో తలలు బద్దలు కొట్టుకున్నారు. నేనూ కాగితం, పెన్నూ పట్టుకొని కూర్చున్నాను.

అప్పుడు బీరువాలో అవ్వ బైండు చేయించిన చందమామలు గుర్తొచ్చాయి. తీసి చూస్తే బొమ్మలన్నీ తెలిసినవే, ఒక్క అక్షరం తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం రాదు. ఎవరిదో లేని భాషకు అంత కష్టపడ్డానే, మా అవ్వ భాషకు ఒక్క రోజైనా కూర్చున్నానా?

ఆ ఏడే అ ఆలు దిద్దాను. ‘తోకచుక్క’ చదవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చదువుతోనే, తప్పులుంటే మన్నించండి.

మీ ఇళ్ళల్లో పాత సంచికలుంటే పాత పేపర్ల వాడికి వేయకండి. చదవడం రాకపోయినా ఉంచండి. చదివేవాళ్ళు తర్వాత పుట్టొచ్చు.