ఒక్క ఎత్తు ఖరీదు

ప్రపంచ చదరంగ కిరీటపు పోటీల చరిత్రలో తప్పుటెత్తులకు కొదువ లేదు గాని, వాటి ఖరీదును తేల్చేది తప్పు ఎంత పెద్దదన్నది కాక అది ఏ ఘడియలో పడిందన్నదే అని 1892 నాటి హవానా పోటీనీ, 2024 నాటి సింగపూర్ పోటీనీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

హవానాలో ఇరవై మూడో ఆట మొదలయ్యేసరికి అప్పటి విజేత విల్‌హెల్మ్ స్టైనిట్జ్ తొమ్మిది, రష్యా ఆటగాడు మిఖాయిల్ చిగోరిన్ ఎనిమిది ఆటలు గెలిచి ఉన్నారు. పదో గెలుపు స్టైనిట్జ్‌కు దక్కితే పోటీ అక్కడితో ముగుస్తుంది. ఒక పావు అదనంగా ఉండి, గెలుపు దాదాపు చేతికందిన దశలో చిగోరిన్ తన ముప్పై రెండో ఎత్తుగా, రాజు పక్క గడికి కాపలాగా ఉన్న శకటును, అంటే ఐమూలగా నడిచే పావును, అక్కడి నుంచి కదిపాడు. ప్రత్యర్థి ఏనుగులకు రెండెత్తుల్లో ఆట కట్టించే దారి దొరికింది. 1757లో బొబ్బిలి కోటను పడగొట్టిన కొద్ది రోజులకే విజయనగరం రాజు పెద విజయరామరాజు తన డేరాలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో హతుడైన వైనం తెలిసిన ఉత్తరాంధ్ర పాఠకుడికి, గెలిచే వేళ కాపలా సడలడం కొత్త సంగతేమీ కాదు.

సింగపూర్ కథ వేరు, అక్కడ ఓడినవాడు గెలుపు కోసం కాక డ్రా, అంటే సరిసమానపు ముగింపు, కోసం ఆడాడు. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన దొమ్మరాజు గుకేశ్‌కూ, చైనాకు చెందిన అప్పటి విజేత డింగ్ లిరెన్‌కూ మధ్య పద్నాలుగు ఆటల పోటీలో పదమూడు ముగిసేసరికి స్కోరు ఆరున్నర, ఆరున్నర. డిసెంబరు 12న జరిగిన చివరి ఆట కూడా డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్, అంటే తక్కువ వ్యవధి ఆటలతో తేల్చుకోవాలి. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువున్నా, జాగ్రత్తగా ఆడితే డింగ్ నిలదొక్కుకోగల స్థితి అది. పావులు తగ్గితే చిక్కు తీరుతుందనుకున్నాడో ఏమో, యాభై అయిదో ఎత్తులో ఆయన ఏనుగుల మార్పిడికి సిద్ధపడ్డాడు. అయితే ఆయన శకటు బోర్డు మూలన ఇరుక్కుని ఉంది. ఏనుగులు పోగానే గుకేశ్ తన శకటును దానికి ఎదురుగా నిలిపితే ఆ మార్పిడి కూడా తప్పదు, ఆపైన మిగిలే బంట్ల ఆటలో అదనపు బంటు గెలిచి తీరుతుంది. గుకేశ్‌కు సైతం ఇది వెంటనే తట్టలేదు, మరో ఎత్తు వేయబోయి ఆగాడు. యాభై ఎనిమిదో ఎత్తుతో డింగ్ ఓటమిని అంగీకరించగా, 1985లో ఇరవై రెండేళ్లకు విజేతయిన కాస్పరోవ్ రికార్డును పద్దెనిమిదేళ్ల గుకేశ్ దాటాడు.

డబ్బు లెక్కన చూస్తే ఆ ఎత్తు ఖరీదు ఆశ్చర్యం కలిగించేంత తక్కువ. మొత్తం 25 లక్షల డాలర్లలో ప్రతి గెలుపుకూ 2 లక్షలు, మిగిలింది చెరి సగం అన్న నియమం ప్రకారం డింగ్‌కు 11.5 లక్షలు దక్కాయి. ర్యాపిడ్‌లో తేలితే వర్తించే వేరే నియమం ప్రకారం, మర్నాటి దాకా వెళ్లి ఓడి ఉంటే 12 లక్షలు, గెలిచి ఉంటే 13 లక్షలు దక్కేవి.